కోమల అడిగిన సమాధానం

పుదుచ్చేరిలో ఒక పెద్ద ఆసుపత్రి ఉంది. దాని పేరుతో మనకు పని లేదు. అందులో ఇరవై ఆరేళ్ళుగా స్ట్రెచర్ తోస్తున్న మనిషితోనే పని. ఏ. కోమల, వయసు యాభై మూడు, కాపురం ఒర్లియంపేటలో రెండు గదుల ఇల్లు. పేరుకు ముందున్న ‘ఏ’ మొగుడు ఆదికేశవన్‌ది. నీళ్ళ ట్యాంకు దగ్గర వాల్వులు తిప్పే సర్కారు ఉద్యోగం ఆయనది. ఆయన పోయి ఆరేళ్ళయింది గానీ, ఆ అక్షరం మాత్రం కోమల బ్యాడ్జీ మీద అలాగే ఉంది.

కోమల పని చెప్పడానికి ఒక్క ముక్కే. వార్డులో రోగిని స్ట్రెచర్ మీదికి ఎక్కించుకుని ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా తోసుకెళ్ళి అప్పజెప్పాలి. మధ్యలో ఒక పొడుగాటి వరండా, ఒక లిఫ్టు, మళ్ళీ ఇంకో వరండా, ఇంకో లిఫ్టు. ఎవరు తోసినా ఆరు నిమిషాలు పడుతుంది, కోమల తోస్తే నాలుగే. “జరగండి! దోవ ఇయ్యండి!” అని ఆమె ఒక్క కేక పెడితే వరండా ఆ చివర ఉన్న డాక్టర్లు కూడా గోడకు అంటుకుపోవాల్సిందే. ఆ గొంతంటే ఆమెకు లోలోపల గర్వం. ఉండాల్సిందే మరి, ఆమెకంటూ ఉన్న ఆస్తి అదొక్కటే.

ఆ నాలుగు నిమిషాలున్నాయి చూశారూ, మనుషులకు అసలు భయం పుట్టేది అప్పుడే. అప్పటిదాకా పక్క మంచం వాళ్ళకు ధైర్యం చెప్పిన మహానుభావులు కూడా, చక్రం కదలగానే కోమల చెయ్యి పట్టుకుని, “అమ్మా, బయంగా ఉండాదే” అంటారు. దానికి కోమల దగ్గర ఒక మందు ఉంది. ముసలికీ, పిల్లకీ, రాయికీ, గడ్డకీ అందరికీ అదే మందు.

“ఒన్నూ లేదు. ఊరుకో.”

ఒన్నూ లేదంటే ఏమీ లేదని. సగం తమిళం, సగం తెలుగు. తరతరాలుగా ఆ ఊళ్ళో ఉండిపోయిన తెలుగువాళ్ళ మాటే అంత. ఇంట్లో తెలుగు తప్ప ఇంకోటి మాట్లాడరు, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటీ రాదు. కోమల చదివింది ఎనిమిది దాకా, అదీ తమిళంలో.

ఒకసారి మరగతం అనే ఆవిడ, పిత్తాశయంలో రాళ్ళున్న మనిషి, స్ట్రెచర్ మీద పడుకునే ఎదురు తిరిగింది. “ఒన్నూ లేదని నువ్వెట్లా చెప్తావమ్మా? కోసేది నీ కడుపా?” అంది. కోమల ఆ మాటను క్యాంటీన్‌లో నలుగురికీ చెప్పి కడుపుబ్బా నవ్వింది. అందులో నవ్వాల్సింది ఏమీ లేదని ఆమెకు అప్పుడు తెలియదు. మనిషిని కత్తి కిందికి తీసుకెళ్తూ ఏమీ లేదనడం ఎంత పెద్ద అబద్ధమో, ఆ అబద్ధం విన్నాక రోగి ఎందుకు నోరు మూసుకుంటాడో ఆలోచించేంత తీరిక ఆమెకు లేదు. నోరు మూసుకుంటే చాలు, ధైర్యం వచ్చేసిందనుకునేది.

ఆదికేశవన్‌ను కూడా ఆ వరండాలో తోసుకెళ్ళింది ఆమే. ఆ సంగతి ఆమె ఎవరితోనూ మాట్లాడదు.

మొన్న ఎండాకాలంలో ఒక పొద్దున కోమల నిలబడి చెంబెత్తి నీళ్ళు తాగుతుంటే, కూతురు మోనిక తట్టాంచావడిలో కంపెనీకి పోవడానికి సంచి సర్దుకుంటూ ఆగిపోయింది.

“అమా, నీ గొంతులో ఏంది అది? మింగినప్పుడంతా పైకీ కిందికీ పోతాంది?”

కోమల వేళ్ళతో తడుముకుంది. ఎడమవైపు నిమ్మకాయంత గడ్డ. ఎప్పటి నుంచి ఉందో! వందల మంది గడ్డలను చూసిన మనిషికి తన గడ్డ కనిపించలేదు.

సూది పెట్టి పరీక్ష చేశారు. ఆ కాయితం పట్టుకుని సర్జన్ నరేంద్రన్ చాలాసేపు చూశాడు. ఆయన మంచివాడే, మాట మాత్రం తూకం వేసినట్టు ఉంటుంది. థైరాయిడ్‌లో సగం తీసెయ్యాలన్నాడు. అది మంచిదో చెడ్డదో తీసి చూస్తేగానీ చెప్పలేమన్నాడు. చివర్లో పెన్ను జేబులో పెట్టుకుంటూ, ఆ గడ్డ పక్కనే మాటకు సంబంధించిన నరం ఉంటుందనీ, జాగ్రత్తగానే చేస్తామనీ, అయినా గొంతు మారే అవకాశం ఉందనీ చెప్పాడు.

కోమల తల ఊపి బయటికి వచ్చేసింది. గోడ పట్టుకుంది. ఇన్నేళ్ళుగా రోజుకు ఇరవై సార్లు నడిచిన వరండాలో గోడ పట్టుకోవడం అదే మొదటిసారి.

ఇక అందరూ మందు మొదలుపెట్టారు. నర్సులు, ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్ తిలగం, లిఫ్టు ఆపరేటరు, ఆఖరికి తనతో పాటు స్ట్రెచర్ తోసే కరుప్పన్ కూడా. కరుప్పన్ కదిర్కామంలో ఉంటాడు, తమిళవాడు. పదిహేనేళ్ళు కోమలతో పని చేసి ఆమె తెలుగు సగం పట్టుకున్నాడు. “ఒన్నూ లేదక్కా, ఊరుకో” అన్నాడు, అచ్చం ఆమె చెప్పినట్టే. తన మందు తనకే పోస్తే ఎలా ఉంటుందో కోమలకు తెలిసొచ్చింది. ఆ మాట విన్న ప్రతిసారీ నోట్లోకి వచ్చిన భయం మళ్ళీ లోపలికి పోయి కూర్చునేది. బయటికి రావడానికి దానికి దారే లేకుండా పోయింది.

రాను రాను ఆమె చేష్టలు మారాయి. అన్నం సగంలో వదిలేసేది. స్నానాల గదిలో తలుపేసుకుని “జరగండి! దోవ ఇయ్యండి!” అని అరిచి, గొంతు ఇంకా ఉందో లేదో చూసుకునేది. పనేమీ లేకపోయినా “మోనికా!” అని పిలిచేది. ఆ పిల్ల పరిగెత్తుకొచ్చి ఏందమ్మా అంటే, ఒన్నూ లేదు అనేది. ఆ మాట తన నోటి నుంచే వస్తుంటే ఆమెకే ఏడుపొచ్చేది. కానీ ఏడవలేదు. ఆసుపత్రిలో పని చేసేవాళ్ళు ఏడవకూడదని ఆమెకు ఎవరు నేర్పారో తెలియదు, గట్టిగానే నేర్పారు.

ఆపరేషన్ రోజు వచ్చింది. పొద్దున పదింటికి థియేటర్. వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు. ఆకుపచ్చ గౌను వేశారు, మణికట్టుకు పట్టీ కట్టారు. పట్టీ మీద ‘ఏ. కోమల’ అని ఉంది. ఆమె ఆ ‘ఏ’ మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ కూర్చుంది.

తొమ్మిదింటికి మత్తు డాక్టరు ప్రవల్లిక వచ్చింది. రాజమండ్రి పిల్ల, ముప్పై దాటి ఉండదు, ఈ ఆసుపత్రికి వచ్చి ఎనిమిది నెలలు. వచ్చిన రోజు నుంచీ కోమల ఆమెను “మా తెలుగు డాక్టరమ్మ” అని ఊరంతా చెప్పుకుంది. ఆ పిల్ల కూడా కోమల మాట వింటే పకపకా నవ్వి, “మీరు మాట్లాడేది తెలుగేనా అమ్మా?” అని ఆటపట్టించేది. వేరే వాళ్ళు ఆ మాట అంటే కోమలకు కోపం వచ్చేది, ఆమె అంటే మాత్రం వచ్చేది కాదు. ఇవాళ ఆ పిల్లను చూడగానే కోమలకు ప్రాణం లేచొచ్చింది. తన భాష మనిషి, ఈమెకు చెప్పుకోవచ్చు.

“నిద్ర పట్టిందా అమ్మా?”

“లేదమ్మా.”

“బీపీ కొంచెం ఎక్కువుంది. ఏం కాదులెండి,” అంటూ ప్రవల్లిక ఫైల్లో రాసుకుంటోంది.

కోమల ఆమె చెయ్యి పట్టుకుంది. “డాక్టరమ్మా, నాకు కొంచెం సమాధానం చెప్పండమ్మా.”

ప్రవల్లిక పెన్ను ఆగింది. “సమాధానమా? దేనికి?”

“ఎవురూ చెప్పలా. పెద్ద డాక్టరు చెప్పలా, నర్సమ్మ చెప్పలా. మీరన్నా సమాధానం చెప్పాల.”

ఇక్కడ కథ ఆపి ఒక సంగతి చెప్పాలి. కోమల ఇంట్లోనే కాదు, ఆ ఊరి తమిళంలో కూడా, సమాధానం అంటే నెమ్మది. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం, అలిగినవాళ్ళను బుజ్జగించడం, గుండె అదిరేవాళ్ళ పక్కన కూర్చుని వీపు నిమరడం సమాధానం. కోమల అడిగింది అది. రాజమండ్రిలో సమాధానం అంటే జవాబు. ‘నువ్వు సమాధానం చెప్పాలి’ అని రోగి అంటే, నిలదీసినట్టు లెక్క.

ప్రవల్లిక మొహంలో రంగు మారింది. చెయ్యి మెల్లగా వెనక్కు తీసుకుంది. “మీకేం తెలియాలో అడగండి. అన్నిటికీ చెప్తాను,” అని ఫైలు తెరిచి మొదలుపెట్టింది. మత్తు ఎలా ఇస్తారు, ఊపిరి గొట్టం ఎలా పెడతారు, ఎంతమందికి ఊపిరి ఇబ్బంది వస్తుంది. నరం దెబ్బతింటే గొంతు ఎన్నాళ్ళు రాదు, వందమందిలో ఎంతమందికి ఎప్పటికీ రాదు. రక్తం కారితే మళ్ళీ ఎప్పుడు కోస్తారు. లాయరు ముందు చెప్పినట్టు ఒక్కటీ వదలకుండా చెప్పింది. ఆమె గొంతు కూడా సన్నగా వణుకుతోంది, అది కోమల గమనించే స్థితిలో లేదు. ఒక్కో అంకె వచ్చి గొంతు మీద కూర్చుంటోంది. వందలో ఒకరు అంటే ఆ ఒకరు తనే. వెయ్యిలో ఒకరు అన్నా తనే.

“ఇంకేమన్నా అడగాలా?”

కోమల మళ్ళీ అదే అడిగింది. “సమాధానం…”

“ఇంతసేపూ చెప్పింది సమాధానమే కదమ్మా!” ప్రవల్లిక గొంతు పెరిగింది. పక్క మంచాల వాళ్ళు తలలు తిప్పారు. “అన్నీ వివరించాను అని ఇక్కడ రాస్తున్నాను. మీరు విన్నారు కదా?” అని, గబగబా రాసి, ఎవరో తరుముతున్నట్టు వెళ్ళిపోయింది.

కోమలకు ఏం తప్పు చేసిందో అర్థం కాలేదు. కాస్త సమాధానం అడిగినందుకు తన తెలుగు డాక్టరమ్మ చెయ్యి విడిపించుకుని పోయింది. అంటే ఏదో ఉంది. చెప్పలేనంత చెడ్డది ఏదో ఉంది. లేకపోతే అంత మంచి పిల్ల అట్లా ఎందుకు పోతుంది? ఆ క్షణంలో ఆమెకు తెలిసింది ఒక్కటే. లోపలికి పోతే తిరిగి రాదు.

మోనిక కింద ఫార్మసీలో వరసలో నిలబడి ఉంది. నర్సు ఇంకో మంచం దగ్గరుంది. కోమల గౌను మీదే చీర చుట్టుకుంది. పట్టీ కనబడకుండా కొంగు చేతికి చుట్టుకుంది. మాసిన బట్టల లిఫ్టు ఎక్కి కిందికి దిగింది. వెనక గేటు ఎటో ఆమెకు ఒకరు చెప్పాలా? గేటు దాటితే ఆటో, పావు గంటలో ఒర్లియంపేట. గడ్డ ఉంటే ఉండనీ. ఇన్నాళ్ళు ఉంది, ఇంకొన్నాళ్ళు ఉండనీ. మింగేస్తే మింగనీ, గొంతన్నా మిగులుతుంది.

గేటు కనిపించింది. బయట ఎండ, ఆటోల మోత. కానీ గేటు పక్కనే స్ట్రెచర్లు పెట్టే గది ఉంది. ఇరవై ఆరేళ్ళు ఆ గదిలోకి పోయిన కాళ్ళు ఆరోజూ అందులోకే పోయాయి. పాత స్ట్రెచర్ల వెనక, ఉతికి మడిచిన ఆకుపచ్చ దుప్పట్ల కుప్ప పక్కన, నేల మీద కూలబడిపోయింది. లేచి గేటు దాటడానికి ఒంట్లో సత్తువ లేదు, వెనక్కు పోవడానికి ధైర్యం లేదు. మోకాళ్ళ మీద తల పెట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

ఎంతసేపయిందో. తలుపు దగ్గర అడుగుల చప్పుడు. కరుప్పన్ గొంతు, తెలుగు డాక్టరమ్మ గొంతు. ఖాళీ మంచం చూసి ఇద్దరూ ఆమెను వెతుక్కుంటూ వచ్చారు.

“అక్కకు కాలు నిలిచేది ఇక్కడే. ఇంకెక్కడికీ పోదు,” అంటున్నాడు కరుప్పన్, తమిళంలో.

“నా వల్లే అయింది కరుప్పన్,” ప్రవల్లిక తనకొచ్చిన ముక్కల తమిళంలో అంటోంది. “సమాధానం చెప్పమని అడిగారు. దాచకుండా అన్నీ చెప్పాను. మా ఊళ్ళో ముందు పని చేసిన చోట ఒకసారి ఒక రోగి పోతే, వాళ్ళ మనుషులు నలభై మంది నన్ను గదిలో పెట్టి ఎవరు సమాధానం చెప్తారని అడిగారు. తలుపు తీసేదాకా నాకు ప్రాణం లేదు. ఇక్కడికొచ్చి అదే మాట కోమలమ్మ నోట వింటాననుకోలేదు.”

కరుప్పన్ ఆ మాట పట్టుకున్నాడు. “సమాదానమా అడిగింది?”

“అవును.”

“అయ్యో, డాక్టరమ్మా!” అతను నవ్వబోయి ఆపుకున్నాడు. తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకున్నాడు. “మా మనవరాలు మలర్ ఉందే, అది రాత్రి దడుసుకోని ఏడుస్తాది. అప్పుడు నేనేం జేస్తా? ఎత్తుకుంటా. వీపు తడతా. ఆమామ్మా, అవును, బయమే, తాత ఉండాడు అంటా. దాని పేరు సమాదానం. దానికి నూటికి ఇంత అని లెక్క యాడుంది?”

ప్రవల్లిక చాలా మెల్లగా అంది, “సముదాయించమన్నారా!”

స్ట్రెచర్ల మధ్య నుంచి ఆ పిల్ల మొహం కనబడింది. కోమల తల వంచుకుంది. కొంగు తొలిగి మణికట్టు మీద పట్టీ బయటపడింది. ప్రవల్లిక వచ్చి ఎదురుగా నేల మీదే కూర్చుంది. ఫోను మోగింది. “నరేంద్రన్ సార్‌కి చెప్పండి, పది నిమిషాలు ఆగమని. లేదు, పేషంట్ నా దగ్గరే ఉన్నారు,” అని ఫోను జేబులో పెట్టేసింది.

“అమ్మా, ఇందాక నాకూ భయమేసింది. మీరు నన్ను నిలదీస్తున్నారనుకున్నాను. మీ మాట నాకు తెలియలేదు. తెలుసుకోకుండా అరిచాను. తప్పే.”

కోమల పట్టీ మీదికి కొంగు మళ్ళీ లాక్కుంది.

“మీకు భయంగా ఉంది,” అంది ప్రవల్లిక.

అది ప్రశ్న కాదు, ఉన్న సంగతి. రెండు నెలల్లో కోమలతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే.

“ఉండాదమ్మా,” అంది. “శానా బయంగా ఉండాది.”

“ఎందుకుండదు? ఎంతమందిని ఆ తలుపు దాకా తీసుకెళ్ళారు మీరు. తిరిగి రానివాళ్ళను కూడా చూశారు. మీకుండే భయం మాకెవరికీ ఉండదు. ఏం భయమో చెప్పండి. నేను వింటాను.”

కోమల చెప్పింది. గొంతు గురించి కాదు. గడ్డ గురించీ కాదు. ఆ రెండూ కాదని నోరు తెరిచేదాకా ఆమెకే తెలియదు.

“మా ఇంటాయనను నేనే తోసినా. గుండెకు. ఆ వరండాలో, రెండో లిఫ్టు కాడ, నా చెయ్యి పట్టుకున్యాడు. బయంగా ఉండాదే కోమలా అన్న్యాడు. నా కాపురంలో ఆయన ఆ మాట అనంగా నేనెప్పుడూ వినలా. తుపాను రాత్రి ట్యాంకెక్కి వాల్వు తిప్పినోడమ్మా ఆయన. నేనేమన్యా? ఒన్నూ లేదు, ఊరుకో అన్యా. అందరికీ చెప్పినట్టే చెప్పినా. ఆయన నా పక్క చూసినాడు. చూసి, చెయ్యి వదిలేసి, మొగం గోడ పక్కకి తిప్పుకున్యాడు. మళ్ళీ మాట్లాడలా. లోపలికి పొయ్యే వరకూ గోడనే చూస్తా పోయినాడు. మళ్ళీ రాలా.”

కరుప్పన్ తలుపు దగ్గరే నిలబడి తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నాడు. పదిహేనేళ్ళు పక్కన పని చేసినా అతనికీ ఈ సంగతి తెలియదు.

“నేనూ అట్లే గోడ పక్క తిరుక్కోని పోతానేమో అని బయమమ్మా,” అంది కోమల. “చచ్చేదానికి కాదు. ఒంటిగా పొయ్యేదానికి.”

వేరే ఎవరన్నా అయితే ఇక్కడ ఏదో ఒక ధైర్యం చెప్పేవాళ్ళు. అదేం లేదు, పిచ్చి ఆలోచనలు పెట్టుకోకు అనేవాళ్ళు. ప్రవల్లిక నోటి దాకా కూడా వచ్చే ఉంటుంది, ఆమె మింగేసింది. ఇందాక విడిపించుకున్న చేత్తోనే కోమల చెయ్యి పట్టుకుంది. కోమల ఏడ్చింది. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఆసుపత్రి నేల మీద కూర్చుని ఏడవడం అదే మొదలు. ఆ పిల్ల ఊరుకోమనలేదు.

ఏడుపు తగ్గాక ప్రవల్లిక అంది, “గొంతు పోదని నేను చెప్పలేనమ్మా. నాకు తెలియదు. కానీ మత్తెక్కేదాకా ఈ చెయ్యి వదలను. మీరు కళ్ళు తెరిచేటప్పటికి నేను పక్కనే ఉంటాను. అది మాత్రం నా చేతిలో ఉంది. వస్తారా? రానంటే కూడా నాకు కోపం లేదు. ఇంకో రోజు పెట్టుకుందాం.”

కోమల కొంగుతో ముక్కు తుడుచుకుంది. గేటు వైపు చూసింది, అక్కడి నుంచి ఎండ గదిలోకి పడుతోంది. తర్వాత కరుప్పన్ వైపు చూసింది.

“ఆ కిరకిరలాడే బండి వద్దురా. చక్రం మంచిది తీసుకురా,” అంది.

భయం పోయిందని ఎవరన్నా అనుకుంటే వాళ్ళకు భయం సంగతి తెలియదన్నమాట. స్ట్రెచర్ మీద వెల్లకిలా పడుకోగానే అది మళ్ళీ వచ్చి ఛాతీ మీద కూర్చుంది. ఇన్నేళ్ళు తోసింది గానీ, కోమల ఆ వరండా పైకప్పును ఎన్నడూ చూడలేదు. ఒక చోట పెచ్చులూడి ఇనప చువ్వలు బయటికొచ్చాయి. ఒక లైటు ఆరుతూ వెలుగుతూ ఉంది. మొదటి లిఫ్టు దాటాక తేమ మరక ఒకటి. నేను తోసినవాళ్ళందరూ ఇవి చూస్తా పోయినారా అనుకుంది. దిగేసి పారిపోదామని రెండుసార్లు అనిపించింది. ఒక పక్క ఫార్మసీ నుంచి వచ్చిన మోనిక, ఒక పక్క ప్రవల్లిక నడుస్తున్నారు. మోనిక కూడా నోరు తెరిచి ఏదో అనబోయి, ప్రవల్లికను చూసి, “బయంగా ఉండాదా అమా?” అని మాత్రం అడిగింది. కోమల ఉందని తల ఊపింది. “నాకూ ఉండాది,” అంది మోనిక. అప్పుడు తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

రెండో లిఫ్టు దగ్గర కోమల కళ్ళు గట్టిగా మూసుకుంది. గోడ ఎటు ఉందో ఆమెకు తెలుసు. తల అటు తిప్పలేదు.

థియేటర్లో చలి. కళ్ళు మసకబారేదాకా ఒక వెచ్చటి చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. “లెక్కపెట్టండమ్మా” అన్నారు ఎవరో. కోమల తమిళంలో నాలుగు దాకా వచ్చింది.

మెలకువ వచ్చినప్పుడు ముందు కనిపించింది ప్రవల్లిక మొహమే. మాట నిలబెట్టుకుంది ఆ పిల్ల. “మీ పేరు చెప్పండి,” అంది. కోమల నోరు తెరిచింది. రేకు మీద ఇసుక రాలినట్టు ఏదో శబ్దం వచ్చింది. అంతే. కోమల కళ్ళలో భయం చూసి ప్రవల్లిక, “వినిపించింది. గొంతు రాలేదు కదా? చాలా భయంగా ఉంటుంది,” అని చెయ్యి గట్టిగా నొక్కింది. ఆ తర్వాతే డాక్టరు మాటలు చెప్పింది. నరం తెగలేదు, వాచింది. మూడు నెలలు పట్టచ్చు, ఆరు పట్టచ్చు, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేను అని.

గడ్డ చెడ్డది కాదని పది రోజులకు కాయితం వచ్చింది. గొంతు మాత్రం రాలేదు.

రెండు నెలలకు కోమల పనిలోకి వచ్చింది. కేక పెట్టే పని కరుప్పన్ తీసుకున్నాడు. స్ట్రెచర్ తల వైపు కోమల, కాళ్ళ వైపు అతను. ఆరోజు మొదటి మనిషి రంగనాథం, పెద్ద బజారులో పాత్రల కొట్టు ఆయన, తెలుగువాడే, డెబ్భై దగ్గర పడ్డ మనిషి. హెర్నియా ఆపరేషన్. వార్డులో కొడుకులతో, కోడళ్ళతో జోకులేసి మరీ స్ట్రెచర్ ఎక్కాడు. మొదటి లిఫ్టు దాటగానే ఆయన చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి కోమల మణికట్టు పట్టుకుంది.

“అమ్మా, నాకు బయంగా ఉండాదమ్మా.”

కోమల నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. ఆ పాత మాట బయటికి రావడానికి ఆమె దగ్గర గొంతు లేదు. ఉన్నా చెప్పేది కాదు. చేత్తో సైగ చేసి కరుప్పన్‌ను మెల్లగా పొమ్మంది. వంగి ఆయన చెవి దగ్గర, ఉన్న గొంతుతోనే అంది.

“అవునన్నా. బయమే. నేనూ ఇట్లే పండుకోని పోయినా. చెప్పండి, ఏం బయం?”

రంగనాథం ఆమెను వింతగా చూశాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. తనకు పన్నెండేళ్ళప్పుడు నాయన ఇలాగే నవ్వుకుంటూ లోపలికి పోయి రాలేదట. ఆ సంగతి కొడుకులకు కూడా చెప్పలేదట. నాలుగు నిమిషాల దారి ఆరోజు పది నిమిషాలు పట్టింది. రెండో లిఫ్టు వచ్చినా కోమల అలాగే వంగి వింటోంది. ఆయన మాట ఆగలేదు. థియేటర్ తలుపు తీశారు, ఆయన్ను లోపలి బండి మీదికి మార్చారు. రంగనాథం మొహం గోడ వైపు తిరగలేదు. తలుపు మూసుకునేదాకా కోమల వైపే చూస్తున్నాడు.

కరుప్పన్ తర్వాతి మనిషి కోసం వెళ్ళిపోయాడు. కోమల ఖాళీ స్ట్రెచర్ పట్టుకుని రెండో లిఫ్టు దాకా వచ్చి ఆగింది. అక్కడ ఎవరూ లేరు. దుప్పటి మీద చెయ్యి పెట్టింది.

“అవునయ్యా,” అంది, ఆ బొంగురు గొంతుతో. “బయమే.”